బరువు కన్నా బంధుత్వమే ముందు

పరమాణు భారాల వరుసలోంచి ఆవర్తన పట్టిక పుట్టిందని బడిలో చదువుకుంటాం. కానీ ఆ పట్టికను నిలబెట్టినవి నిలువు వరుసలు, అంటే గ్రూపులు. అంకెకూ గుణాల పోలికకూ పొత్తు కుదరని కీలకమైన చోట్ల రసాయన శాస్త్రవేత్తలు పోలిక పక్షమే వహించారు. జర్మనీలోని యేనాలో పనిచేసిన డోబరైనర్ 1829లో మూలకాలను మూడేసి చొప్పున చేర్చాడు. లిథియం, సోడియం, పొటాషియంల భారాలు 7, 23, 39. నడిమిది మిగతా రెండింటి సగటు. ఆ లెక్కన కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ కూడా చక్కని త్రికమే కావాలి, వాటి భారాలు 12, 14, 16 కదా. అయినా గుణాలు కలవనందున డోబరైనర్ ఆ త్రికాన్ని ఒప్పుకోలేదు. ఆ నిరాకరణ ఆయన త్రికాలంత విలువైనదని నా నమ్మకం.

1869లో మెండలీవ్‌కు అలాంటి చిక్కే టెల్లూరియంతో వచ్చింది. దాని భారం 128, అయొడిన్‌ది 127. భారాన్నే నమ్ముకుంటే అయొడిన్ ముందు రావాలి, సల్ఫర్, సెలీనియంల కింద చేరాలి. కానీ సోడియంతో లవణంగా మారే తీరు, హైడ్రోజన్‌తో కలిసి ఆమ్లాన్నిచ్చే తీరు క్లోరిన్, బ్రోమిన్‌లవే. ఆ గ్రూపులో కిందికి దిగేకొద్దీ వాయువు, ద్రవం, ఘనం అన్న క్రమం కనిపిస్తుంది, రంగూ ముదురుతుంది. ఆ వరుసలో బ్రోమిన్ తర్వాతి మెట్టు అయొడినే. మెండలీవ్ టెల్లూరియాన్నే ముందుంచాడు. భారమే మూలమని ఆయనే చెప్పాడు కదా, టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచారనుకున్నాడు కదా అనవచ్చు. నిజమే. అయితే తప్పెక్కడుందో వెతకాల్సి వచ్చినప్పుడు ఆయన శంకించింది అంకెను, బంధుత్వాన్ని కాదు. మళ్లీ మళ్లీ కొలిచినా టెల్లూరియమే బరువుగా తేలింది. వరుసను నిర్ణయించేది పరమాణు సంఖ్య అని 1913లో మోస్లీ ప్రయోగాలు చూపాక టెల్లూరియం 52, అయొడిన్ 53 అయ్యాయి.

మెండలీవ్ జోస్యాలన్నీ ఫలించలేదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకాలున్నాయని ఊహించి ఆయన పొరబడ్డాడు. కానీ ఫలించినవాటినీ తప్పినవాటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. సిలికాన్‌కూ తగరానికీ నడుమ ఉండాల్సిన మూలకానికి భారం 72, సాంద్రత 5.5 అని 1871లో చెప్పాడు. దాని క్లోరైడు 100 డిగ్రీల లోపే మరుగుతుందన్నాడు. 1886లో వింక్లర్ కనిపెట్టిన జెర్మేనియం సాంద్రత సుమారు 5.35, దాని టెట్రాక్లోరైడు మరిగేది 86 డిగ్రీల దగ్గర. ఇక్కడ పైనా కిందా తెలిసిన బంధువులున్నారు. ఆ తేలిక మూలకాల ఊహకు పైన ఏ ఆధారమూ లేదు. 1894లో దొరికిన ఆర్గాన్‌కూ మొదట తోడు లేదు, అందుకే అది నైట్రోజన్‌కే మరో రూపమేమోనని మెండలీవ్ అనుమానించాడు. 1895లో రామ్సే ఒక ఖనిజంలోంచి హీలియాన్ని వెలికి తీశాడు. 1898లో నియాన్, క్రిప్టాన్, జినాన్ వచ్చి చేరాయి. దేనితోనూ కలవవని అప్పట్లో అనుకున్న ఈ వాయువుల కోసం పట్టికలో కొత్త నిలువు వరుస తెరిచారు. పొటాషియం కన్నా బరువైన ఆర్గాన్‌ను దాని కన్నా ముందే కూర్చోబెట్టారు.