ప్రతిభాన్వేషణము – మన చొప్పదండి

విద్యయందు మిన్నయైన బాలుని గుర్తించుట యొక పని. గుర్తించిన పిదప వానిని పోషించుట మఱియొక పని. భారతమున ద్రోణాచార్యుడు ఏకలవ్యుని నేర్పును గుర్తింపకపోలేదు. గుర్తించియే బొటనవ్రేలిని గురుదక్షిణగా గైకొనెను. రాజకుమారుల విద్యాప్రదర్శనమున కర్ణుడు తన నేర్పు చూపగా, కృపాచార్యుడు వాని కులమును అడిగెను. ప్రతిభను కనుగొనుటకు కన్నులు చాలును. దానిని నిలుపుటకు సంఘమునకు ధర్మబుద్ధి వలయును. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నేను, మన ప్రాంతమున ఈ ధర్మముయొక్క జమాఖర్చులను ఈ రజతోత్సవ సంచికలో చదువరుల ముందుంచుచున్నాను.

నిజాం పాలనమున మన సీమలో బడులు కొద్ది. పై చదువు ఉర్దూలోనే సాగెడిది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష ఉర్దూయే. ఇంట తెలుగు పలుకు పేదబాలుని తెలివిని తూచుటకు బడిలో తగిన తూనికరాయి లేకుండెను. ఆ లోటును కొంత తీర్చినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. నాటి కరీంనగరము జిల్లా హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివియు, హైదరాబాదున ఆ భాషానిలయపు గ్రంథములను పఠించి, తెలుగు కవియై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునకు పాత్రులైరి. తలుపు తెఱచియున్న గ్రంథాలయము ప్రతిభకు చేయు మేలు ఎట్టిదో దీనివలన తెలియును.

స్వాతంత్ర్యానంతరము ప్రతిభను వెదకు బాధ్యతను ప్రభుత్వము చేపట్టెను. 1963లో ఢిల్లీయందు పది విద్యార్థివేతనములతో విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ పరీక్ష ఆరంభమై, మరుసటి యేట దేశమంతటికి వ్యాపించెను. పిదప ఇతర శాస్త్రములను చేర్చుకొని జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా పేరొందినది. 2021 తరువాత అది నిలిచిపోయినది. ఆ పరీక్ష ధనసహాయము చేసెనే కాని, పల్లెబాలునకు మంచి బడిని చూపలేదు.

ఆ బడిని గూర్చి తలచినవారు, నాడు మన జిల్లాలో చేరియుండిన వంగర గ్రామమున పెరిగిన పి.వి. నరసింహారావుగారు. వారు ముఖ్యమంత్రిగా నున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున గురుకుల పాఠశాల వెలసెను. బీదయైనను తెలివిగల పిల్లవానికి తిండి, వసతి, చదువు ఒక్కచోట నిచ్చుటయే దాని యుద్దేశ్యము. 1985లో వారు కేంద్రమున మానవ వనరుల అభివృద్ధి మంత్రి యైరి. హర్యానాలోని ఝజ్జరునందును మహారాష్ట్రములోని అమరావతియందును మొదటి రెండు నవోదయ విద్యాలయములు ఏర్పడినవి. 1986 నాటి జాతీయ విద్యావిధానము ఈ యేర్పాటును దేశవ్యాప్తము చేసెను. కరీంనగరము జిల్లా నవోదయ విద్యాలయమునకు నెలవైన భాగ్యము మన చొప్పదండిది.

ఈ విద్యాలయమునందు ఆరవ తరగతికి స్థానములు 80. అందు నూటికి 75కు తక్కువ గాకుండ, అనగా 60, గ్రామీణ బాలబాలికలకు దక్కవలెను. మొత్తమున మూడవవంతు బాలికలకు. ఐదవ తరగతి పిల్లలు వ్రాయు పరీక్షకు నూరు మార్కులు: మేధాశక్తికి 50, అంకగణితమునకు 25, భాషకు 25. తెలుగులోనే వ్రాయవచ్చును. దరఖాస్తునకు రుసుము లేదు. అయితే ఒక కఠిన నియమము కలదు: ఈ పరీక్షను ఒక విద్యార్థి ఒక్కసారియే వ్రాయవలెను. ఆ యేడు కూలికై తలిదండ్రులతో వలస పోయిన బిడ్డకును, గడువు తెలియని యింటి బిడ్డకును మరల అవకాశము రాదు.

మఱియొక విచిత్రమును గమనింపుడు. గ్రామీణ స్థానమునకు మూడు, నాలుగు, ఐదు తరగతులను గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివియుండవలెను. మన గ్రంథాలయము పుట్టిననాడు చొప్పదండి గ్రామమే, 2018లో పురపాలకమైనది. పురపాలకపు హద్దులలోని బడిలో చదివిన బిడ్డ పొలము గట్టున పెరిగినను పట్టణవాసిగనే లెక్కకు వచ్చును. గ్రామీణులకు కేటాయించిన 60 వానికి అందవు; మిగిలిన 20కే పోటీపడవలెను. దీపము క్రిందనే చీకటి యన్నట్లు, విద్యాలయము గల ఊరి బిడ్డకే ద్వారము ఇఱుకైనది. పేరు మారినంత మాత్రమున పేదరికము మారదు.

నాటి ఆదిలాబాదు జిల్లా బాసరయందు 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధి వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఈ చిక్కునకు వేఱొక ఉపాయము చూపినది. పదవ తరగతి ఫలితమే ప్రమాణముగా పిల్లలను చేర్చుకొనుచు, వసతిలేని ప్రభుత్వ పాఠశాలలో చదివినవారి గ్రేడు సగటునకు 0.4 కలిపెడి పద్ధతిని పాటించినది. సౌకర్యములు లేక తెచ్చుకొన్న మార్కు సౌకర్యములతో తెచ్చుకొన్న మార్కుకంటె బరువైనదని దీని భావము. ఈ తూనిక న్యాయమైనదని నా యభిప్రాయము.

ప్రతిభ కాగితముపైననే కనబడదు. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండపై శిక్షణ పొంది, 2014 మే 25న పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. ఆమెను కొండయొద్దకు తీసికొనిపోయినవారు లేకున్న ఆ శక్తి ఎవరికి తెలిసియుండెడిది?

జమ యిట్లున్నది. ఖర్చు పద్దున మిగిలినవారు, ఆ 80 మందిలో చేరలేక వెనుదిరిగిన పిల్లలు. వారు మందబుద్ధులు కారు. ఒకనాటి పరీక్షలో ఒకటి రెండు మార్కులు తగ్గినవారును వారిలో గలరు. వీరి బాధ్యత ఏ విద్యాలయమును వహింపదు, గ్రంథాలయము వహింపవచ్చును. ఏటేట ప్రవేశప్రకటన వెలువడగానే చుట్టుప్రక్కల పల్లెల బడులలో చదివి వినిపించుట, దరఖాస్తులు నింపుటకు తోడ్పడుట, వెనుదిరిగిన పిల్లల పేర్లను ఒక పుస్తకమున వ్రాసికొని వారికి చందా లేకుండ గ్రంథములిచ్చుట – ఈ మూడును మన శక్తికి మించినవి కావు. సభ్యులు సమ్మతించినచో ఆ పేర్ల పుస్తకమును వ్రాయు పనిని నేను చేయగలను.