రహీం సాహెబు లేని మైదానం

మా చిన్నవాడికి పన్నెండేళ్ళు. సాయంత్రం ఆటలనుంచి ఇంటికొచ్చేసరికి వాడి మోకాళ్ళ మీద చర్మం కంటే మట్టే ఎక్కువ కనిపిస్తుంది. కర్నూలు ఎండలో ఆ బంతి వెంట ఏం పరుగులో, ఎవరి కోసమో నాకు అర్థంకాదు. క్రికెట్టయితే కాస్త నీడన నిలబడే వీలన్నా ఉంటుంది కదా అంటే, "నీకు తెలీదులే అమ్మా" అంటాడు. నిజమే, నాకు తెలీదు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఇంట్లో టీవీలో చూస్తున్నప్పుడు వాడు ఉన్నట్టుండి నావైపు తిరిగి, "ఈ రహీం నిజంగా మన హైదరాబాదాయనేనా?" అని అడిగాడు. చరిత్ర చదివి బి.ఏ. పాసైనదాన్ని. మన ఊరు ఆంధ్రరాష్ట్రానికి ఎన్నాళ్ళు రాజధానిగా ఉందో నిద్రలో అడిగినా చెబుతాను. రహీం ఎవరో మాత్రం చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఆయన కథ వెతుక్కున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో నగర పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ కాలంలోనే భారత జట్టు కూడా ఆయన చేతికొచ్చింది. అంటే, బడి ఆయనే, సంఘం ఆయనే, పోలీసు జట్టు ఆయనే, దేశం జట్టూ ఆయనే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ పోలీసు జట్టు సంగతి వింటే కథలా ఉంటుంది. బొంబాయిలో ఆడే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఎత్తుకొచ్చింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో, మళ్ళీ 1961లో గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో, నెలజీతం తెచ్చుకునే పోలీసులు పోయి మోహన్ బగాన్ లాంటివాళ్ళను ఓడించి వస్తుంటే బెంగాలీ బాబులకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా జేజినాయన ఉన్నన్నాళ్ళూ తుంగభద్ర అవతలి ఒడ్డును 'నైజాం' అనే అనేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న 1953–56 మధ్య కూడా హైదరాబాదు మనకు వేరే రాష్ట్రమే. 1956 నవంబరు 1న రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి, మన రాజధాని మూటాముల్లె సర్దుకుని ఏరు దాటిపోయింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4–2 గోల్స్‌తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం... అందరూ హైదరాబాదు, సికింద్రాబాదు పిల్లలే. మన కొత్త రాష్ట్రం వయసు అప్పటికి ముప్పై రోజులు! రాజధాని పోయిందని అలిగి కూర్చున్న మనవాళ్ళకు ఆ సంబరం తెలిసిందో లేదో మరి. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే అయినా, చివరికి 4–1తో ఓడాం. బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్‌లో అంతకంటే పైకి మన ఫుట్‌బాల్ ఎప్పుడూ పోలేదు.

అదే యుగోస్లావియా నాలుగేళ్ళ ముందు, 1952లో హెల్సింకిలో మనల్ని 10–1తో చిత్తుచేసింది. అప్పటికి మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. అప్పుడూ కోచ్ రహీమే. అంత పరువు పోయాక మరొకరైతే తలుపేసుకుని కూర్చునేవారు. ఆయన మాత్రం తప్పెక్కడుందో చూసుకున్నారు. తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేసేది ఆ పద్ధతే. హైదరాబాదు పిల్లలకు ఆయన వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలిదగ్గర ఉంచుకోకూడదు, తగిలిన వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి. అలవాటైన కాలు తగిలిందా, తప్పు! ఎడమచేత్తో ముగ్గేసి చూడండి, అదెంత కష్టమో తెలుస్తుంది. తానే మొనగాణ్ణని బంతిని వదలని పిల్లాడికి, పక్కవాడు కూడా ఉన్నాడురా అని నేర్పడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఏ తల్లికైనా తడుతుందా?

అమ్ముగూడ నుంచి వచ్చే బలరాంకు ఊళ్ళోకి రావడానికి డబ్బుల్లేకపోతే, సైకిలు అద్దెకు రహీం సాహెబే తన జేబులోంచి ఇచ్చేవారట. ఆ మాట బలరాం తర్వాత తానే చెప్పుకున్నాడు.

1960 రోమ్‌లో హంగరీతో 2–1 తేడాతో ఓడి, ఫ్రాన్స్‌తో 1–1 దగ్గర ఆగి, పెరూతో ఓడి వెనక్కొచ్చారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయిల్‌ను, తైవాన్‌ను రానివ్వని విషయంలో మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనానికి భారతీయులంటే మంట. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2–0తో ఓడాం. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం వెనకనుంచి తీసి ముందుకు పంపారు. అతను గోల్స్ కొట్టాడు! సెప్టెంబరు 4న ఫైనల్లో లక్షమంది అరుపుల మధ్య అదే కొరియాను 2–1తో ఓడించారు. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది ఆ కుట్ల తలది. అప్పటికే రహీం సాహెబు ఒంట్లో క్యాన్సర్ ఉంది. రేపు బంగారం గెలిచి నాకు కానుకగా ఇవ్వండని ముందురోజు రాత్రి ఆటగాళ్ళను అడిగారట. ఇచ్చారు. 1963 జూన్ 11న ఆయన పోయారు. వయసు యాభై మూడు.

ఆ తర్వాతేమైంది? వెంటనే ఏమీ కాలేదు. అందుకే ఎవరికీ భయం వేయలేదు కాబోలు. జాతీయ పోటీల సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లో, 1957–58లో గెలిచింది. రహీం పోయాక కూడా 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్ళీ గెలిచాం. పొయ్యి ఆర్పాక కూడా సంగటి కుండ చాలాసేపు వేడిగానే ఉంటుంది కదా. కానీ 1961 తర్వాత డ్యూరాండ్ కప్పు మన పోలీసుల ఇంటికి మళ్ళీ రాలేదు. సంతోష్ ట్రోఫీ కూడా అదే ఆఖరు. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్ గడపే తొక్కలేదు. 1970లో బాంకాక్‌లో కాంస్యం ఒక్కటి వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. అయితే పేరూ డబ్బూ సంపాదించుకున్నది కలకత్తాలో.

మా జేజి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పద్నాలుగుమంది. ఏ డబ్బాలో ఏముందో, ఎవరికి ఎంత బాకీనో, ఏ కోడలికి ఏ కూర పడదో ఆమె తలలోనే ఉండేది. తాళంచెవుల గుత్తి నడుమునుంచి దిగేది కాదు. ఆమె పోయాక మూడేళ్ళలో ఆ ఇల్లు మూడు వంటిళ్ళయింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ కావాలని చేయలేదు. ఆమె దగ్గర నేర్చుకున్న కోడళ్ళు ముగ్గురూ మంచి గృహిణులే, కానీ ఎవరి ఇంట్లో వాళ్ళు. రహీం సాహెబు కథ చదువుతుంటే పదేపదే నాకు ఆ తాళంచెవులే గుర్తొచ్చాయి. ఆయన శిష్యుల్లో బెనర్జీ గొప్ప కోచ్ అయ్యాడు. నయీముద్దీన్‌కు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. కొడుకు షాహిద్ హకీం ఒలింపిక్ జట్టులో ఉండి, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు. విద్య పోలేదు. అది ఉండాల్సిన ఇల్లే లేకుండాపోయింది.

దీనికి రహీం సాహెబును తప్పుపట్టాలా? కొంతవరకు పట్టాలనే నాకనిపిస్తుంది, ఎంత గౌరవమున్నా. బడి, సంఘం, పోలీసు జట్టు, దేశం అన్నీ ఒక్క మనిషి మోస్తుంటే చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు తప్ప, పక్కన రెండో భుజం పెట్టరు. కానీ అసలు తప్పు ఆయన్ని చూసి నిశ్చింతగా కూర్చున్నవాళ్ళది. జపాన్‌ను చూడండి. 1962లో జకార్తాలో మనం జపాన్‌ను 2–0తో ఓడించాం. వాళ్ళు 1960లోనే జర్మనీనుంచి క్రామర్ అనే కోచ్‌ను పిలిపించుకున్నారు. 1965లో దేశమంతటా ఆడే లీగు మొదలుపెట్టారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. మనమేమో అప్పటికీ దేశంలో డెబ్బై నిమిషాల ఆటలే ఆడుతున్నాం, బయట ప్రపంచం తొంభై నిమిషాలు ఆడుతుంటే! డెబ్బై నిమిషాలకు అలవాటుపడ్డ ఊపిరి మిగతా ఇరవైకి ఎక్కడినుంచి వస్తుంది?

ఇక కలకత్తా సంగతి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. అంతకు ముందూ తర్వాతా ఎందరో. వాళ్ళను నేనేమీ అనను. పేదింటి పిల్లాడు డబ్బొచ్చే చోటికి పోడా? మన రాయలసీమలో ఎండ ముదిరితే ఊళ్ళకు ఊళ్ళు బెంగుళూరు బస్సెక్కడం చూస్తూనే ఉన్నాం. రహీం ఉన్నంతకాలం ఒకడు పోతే ఆ వయసువాడు ఇంకొకడు బళ్ళోంచి తయారై వచ్చేవాడు. ఆయన పోయాక పోయేవాళ్ళే తప్ప వచ్చేవాళ్ళు తగ్గారు.

ఇదంతా పాతకాలం గొడవ అనుకుంటారేమో. 2019లో హైదరాబాదు పేరుతో ఒక క్లబ్బు పుట్టింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ దాన్ని 2022లో దేశ విజేతను చేశాడు. 2023లో ఆయన గోవాకు మారాడు. జట్టులో డబ్బు ఇబ్బందులు మొదలై విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. మరుసటి సీజన్లో ఒక్కటంటే ఒక్క ఆట గెలిచి అట్టడుగున పడింది. 2025లో ఢిల్లీకే తరలిపోయింది. కప్పు గెలిచిన నాలుగో ఏడుకల్లా ఊళ్ళో ఆ పేరే లేదు.

బలరాం 2023 ఫిబ్రవరిలో పోయాడు. సైకిలు అద్దె డబ్బులు అందుకున్న ఆ కుర్రవాడికి అప్పటికి ఎనభై ఆరేళ్ళు.

ఇదంతా మా వాడికి చెప్పాను. మధ్యలో లేచిపోతాడనుకున్నాను, పోలేదు. జర్నైల్ సింగ్ కుట్ల దగ్గర నోరు తెరుచుకుని విన్నాడు. జపాన్ సంగతి వాడికి పట్టలేదు. ఎడమకాలి పోటీ దగ్గర మాత్రం "నిజంగానా?" అని మూడుసార్లు అడిగాడు. మర్నాడు పొద్దున్నే పెరట్లో ధన్‌ధన్‌మని చప్పుడు. వెళ్ళి చూస్తే కుడికాలి బూటు విప్పి గట్టుమీద పెట్టాడు, ఎడమకాలితో ప్రహరీగోడకు బంతి కొడుతున్నాడు. పదిసార్లు కొడితే రెండుసార్లు గోడకు తగులుతోంది, మిగతా ఎనిమిదీ నా కరివేపాకు కుండీల మీదికి. రెండు కుండీలు పగిలాయి కూడా. తిడదామని నోరు తెరిచి, మిగిలిన వాటిని నేనే పక్కకు జరిపాను.