స్వరలిపి చెప్పనిది: మొజార్ట్ పియానో కన్‌చెర్టో వ్యాఖ్యానం, ప్రదర్శన

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో సంగీతం నేర్పే తరగతుల్లో కీబోర్డును మీరు చూసే ఉంటారు. సాధారణంగా దానికి 61 మీటలు, అంటే ఐదు స్థాయిలు ఉంటాయి. వియన్నాలో మొజార్ట్ (1756–1791) వాయించిన పియానో విస్తృతి కూడా ఐదు స్థాయిలే. నేటి కచేరీ పియానోకు 88 మీటలు, ఇనుప చట్రం ఉంటాయి. దాని నాదం గంభీరమైనది, ఎక్కువసేపు నిలుస్తుంది. వాద్యమే ఇంతగా మారినప్పుడు ఆనాటి రచనను ‘ఉన్నదున్నట్లు’ వాయించడం సాధ్యమా? చరిత్ర విద్యార్థులుగా ఈ ప్రశ్న మీకు కొత్తది కాదు. ఆధారం వేరు, దాని వ్యాఖ్యానం వేరు.

కన్‌చెర్టో అంటే ఒక ప్రధాన వాద్యం, వాద్యబృందం కలిసి చేసే ప్రదర్శనకు రాసిన రచన. మొజార్ట్ డి మైనర్ కన్‌చెర్టో 1785 ఫిబ్రవరి 11న వియన్నాలో మొదటిసారి వినిపించింది. ఆ రోజు నకళ్లు రాసే వ్యక్తి ఇంకా పని ముగించలేదని, చివరి భాగాన్ని ఒకసారి వాయించి చూసుకునే తీరిక కూడా మొజార్ట్‌కు దొరకలేదని ఆయన తండ్రి లియోపోల్డ్ ఉత్తరంలో రాశాడు. దీన్నిబట్టి ఒక విషయం గ్రహించవచ్చు. రచయితే వాద్యకారుడైనప్పుడు ప్రతిదీ కాగితంపై పెట్టనవసరం లేదు. ‘కరొనేషన్’ కన్‌చెర్టో రాతప్రతిలో ఎడమచేతి భాగం చాలాచోట్ల ఖాళీగానే ఉంది. ఆయన మరణానంతరం 1794లో అచ్చయిన ప్రతిలో ఆ ఖాళీలను వేరొకరు పూరించారు.

ఇక కడెంజా సంగతి చూద్దాం. వాద్యబృందం ఆగిపోగా పియానో వాద్యకారుడు ఒంటరిగా తన మనోధర్మాన్ని చూపే ఘట్టమిది. మన కచేరీలోని తని ఆవర్తనాన్ని గుర్తుచేసుకోండి. ముక్తాయింపు వినగానే గాయకుడు పల్లవి అందుకుంటాడు. కడెంజా చివర వచ్చే కంపితస్వరం కూడా వాద్యబృందానికి అలాంటి సంకేతమే. డి మైనర్ కన్‌చెర్టోకు మొజార్ట్ రాసిన కడెంజా ఏదీ మనకు దక్కలేదు. నేడు చాలామంది బీథోవెన్ (1770–1827) రాసినదాన్ని వాయిస్తారు.

అదే బీథోవెన్ 1809లో రచించిన తన ఐదో కన్‌చెర్టోలో విడిగా కడెంజా వాయించవద్దని స్వరలిపిలోనే సూచించాడు. 1811లో లైప్‌జిగ్‌లో దాన్ని మొదటిసారి బహిరంగంగా వాయించినది ఆయన కాదు, ఫ్రెడ్రిక్ ష్నైడర్. రచయిత, వాద్యకారుడు వేర్వేరు వ్యక్తులవుతున్నకొద్దీ స్వరలిపికి అధికారం పెరిగింది. 20వ శతాబ్దం చివర్లో మాల్కమ్ బిల్సన్, రాబర్ట్ లెవిన్ వంటివారు మొజార్ట్ కాలపు పియానోలపై వాయించారు. లెవిన్ కడెంజాను అప్పటికప్పుడు కల్పించి వాయించాడు.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1904లో తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేక గుర్తులున్నాయి. అయినా ఆ గుర్తులను నాదంగా మార్చడానికి సంప్రదాయ పరిచయం తప్పనిసరి.

అలాగని కన్‌చెర్టోలో ఎవరికి తోచింది వారు వాయించవచ్చని కాదు. కడెంజా ఆ రచనలోని స్వరసంచారాల నుంచే పుట్టాలి, తిరిగి ఆ రచనలోకే చేర్చాలి. రాసిన స్వరాలను మాత్రమే అప్పగించే వాద్యకారుడు మొజార్ట్ ఖాళీగా వదిలినదాన్ని ఖాళీగానే మిగులుస్తాడు. మొజార్ట్ ఉద్దేశం మాత్రం అది కాదు. ఆధారంలోని మౌనాన్ని ఆ కాలపు పద్ధతుల వెలుగులో చదవడం చరిత్రకారుడికి, వాద్యకారుడికి ఉమ్మడి బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డి మైనర్ కన్‌చెర్టో మొదటి భాగాన్ని ఇద్దరు వాద్యకారుల రికార్డింగుల్లో వినండి. కడెంజాలో వారు ఎక్కడ వేరుపడ్డారో గమనించి పది వాక్యాల్లో రాయండి.