ఆసక్తికి మార్కులు వేసేదెవరు?

విద్యార్థి ఒక కళాశాల పట్ల చూపే ఆసక్తి అతనికి సీటు రావడానికి తోడ్పడుతుందా అన్న ప్రశ్నను అమెరికాలో తరచుగా వేస్తుంటారు. అక్కడి కొన్ని కళాశాలలు తమ ఆవరణను వచ్చి చూసిపోయినవారిని, ఉత్తరాలు రాసినవారిని లెక్కలో పెట్టుకుంటాయి. సీటిస్తే నిజంగా చేరేదెవరో ముందే అంచనా కట్టుకోవడం వాటి అవసరం. బండి ఆత్మకూరు విద్యార్థికి ఇది పరాయి గొడవగా తోచవచ్చు. కాని మార్కులకు అందని గుణమేదో విద్యార్థిలో వెదకే అలవాటు మనకూ ఉంది. దాని చరిత్ర తెలియకుండా ర్యాంకుల పద్ధతిని పొగిడినా, తిట్టినా ఒకటే.

1950లో బండి ఆత్మకూరు మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా గ్రామం. కర్నూలులో వైద్య కళాశాల ఇంకా రాలేదు. రాష్ట్రమంతటికీ నాలుగు వైద్య కళాశాలలు, 330 సీట్లు. అందులో 17 బయటి రాష్ట్రాలవారికి, 12 ప్రభుత్వ విచక్షణకు. మిగిలినవాటిని జిల్లాల సముదాయాలుగా విడదీసి, కమ్యూనల్ జీ.ఓ. ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, జీ.ఓ. మాటలో ‘హరిజనుల’కు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లిములకు 1.

ఈ జీ.ఓ.ను సవాలు చేసిన చంపకం దొరైరాజన్ వైద్య కళాశాలకు అసలు దరఖాస్తే పెట్టలేదు. విచారించగా, బ్రాహ్మణ కులస్థురాలు గనుక సీటు రాదని తెలిసిందన్నది ఆమె వాదన. సుప్రీంకోర్టు ఈ సంగతిని గమనించకపోలేదు. కాని ఆమె గెలిస్తే సీటిస్తామని ప్రభుత్వం ముందే ఒప్పుకున్నందున ఆ అభ్యంతరాన్ని పట్టుకోలేదు. 1951 ఏప్రిల్ 9న జీ.ఓ. చెల్లదన్నారు. దానికి జవాబుగా ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది.

దరఖాస్తు లేని ఆసక్తి సుప్రీంకోర్టు దాకా పోగలిగింది. దాని వెనుక విచారించగల తాహతు ఉంది, మద్రాసులో అడిగితే చెప్పే మనుషులున్నారు. నంద్యాల చేరి రైలెక్కవలసిన రైతుకూలీ బిడ్డ ఆసక్తి ఏ రికార్డులోకి ఎక్కుతుంది? ఇక ఆ 12 విచక్షణ సీట్ల మాట. కోటాకు అంకె ఉంది, నియమం ఉంది, కోర్టులో ప్రశ్నించే వీలుంది. విచక్షణకు పలుకుబడి తప్ప వేరే కొలబద్ద ఉంటుందని నేననుకోను.

జీ.ఓ. పోయింది గాని మనిషిని చూసి మార్కు వేసే పద్ధతి పోలేదు. అది ఇంటర్వ్యూ రూపంలో నిలబడింది. మైసూరు రాష్ట్రంలో ఇంటర్వ్యూకు 25 శాతం మార్కులు పెట్టారు. సాధారణ పరిజ్ఞానం, అభిరుచి, వ్యక్తిత్వం, ఎన్.సి.సి., ఆటలు, నాటకాలు అందులో పరిశీలించే అంశాలు. 1964లో చిత్రలేఖ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అధిక సంఖ్యాకుల తీర్పు రాసినది ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. అభిరుచి, వ్యక్తిత్వం చూడటానికి ముచ్చటైన మాటలే. అయితే ఆ బల్ల ముందు మన గిరీశాన్ని కూర్చోబెడితే అతనికి నూటికి నూరూ వచ్చి తీరుతాయి!

ఈ ‘వ్యక్తిత్వం’ ఎక్కడ ఎలా పనికి వచ్చిందో హార్వర్డు చరిత్ర చెబుతుంది. 1922లో అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టాలన్నాడు. మరుసటి ఏడు అధ్యాపకుల సంఘం బాహాటమైన కోటా వద్దన్నది. 1926 నుండి అభ్యర్థి శీలాన్ని తూచడం, ఫోటో అడగడం మొదలైంది. కోటా అనే మాట లేకుండానే యూదుల సంఖ్య పడిపోయింది.

మన దగ్గర ఈ బండారం బయటపడింది శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల వల్ల. అక్కడ 150 మార్కులలో 50 ఇంటర్వ్యూవి. ఒక్కొక్కరితో మాట్లాడినది రెండు మూడు నిమిషాలు, అడిగినది తల్లిదండ్రులెవరు, ఊరేది అని. అజయ్ హాసియా కేసులో 1980 నవంబరులో సుప్రీంకోర్టు 15 శాతానికి మించిన ఇంటర్వ్యూ మార్కులు నిరంకుశమన్నది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది. అనుమానం ఎంత దూరం వెళ్ళిందో ఆ సూచనే చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 1974 రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వచ్చింది. స్థానికుడంటే కళాశాలను ప్రేమించినవాడు కాడు, ఆ ప్రాంతంలో వరుసగా నాలుగేళ్ళు చదివినవాడు. 1983 చట్టం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986లో ఎంసెట్ వచ్చింది. పల్లె విద్యార్థి మాట తీరునూ చొక్కానూ చూసే కన్ను అలా తప్పుకుంది. ఇది చిన్న మార్పు కాదు. ర్యాంకును ఈసడించే మన రచయితలు దాని ముందున్న గదిని మరచిపోతున్నారు.

అయితే ర్యాంకు ఆకాశం నుండి ఊడిపడదు. కోచింగ్ హాస్టలు ఫీజు కట్టగలవాడికీ కట్టలేనివాడికీ మధ్య దూరాన్ని ఆ అంకె కప్పిపెడుతుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో కన్వీనరు కోటా 70 శాతం పోగా మిగిలిన 30 శాతం యాజమాన్యానిది. అక్కడ ఆసక్తి అనే మాటకు అర్థం ఇంటర్వ్యూ బల్లకంటే మొరటుగా ఉంటుంది. మిగతా 70 శాతంలో విద్యార్థి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాడు. ఏ కళాశాలను మొదట రాసినా అందుకు మార్కు కలవదు. వరుస మాత్రం అతనిది.