విస్తరాకు: ఏ ఊళ్లో ఏ ఆకు, ఏది అసలు, ఏది నకిలీ

చిన్న ఆకులను ఈనెపుల్లలతో కలిపి గుండ్రంగా కుట్టి భోజనానికి వేసేదాన్ని విస్తరాకు, విస్తరి అంటాం. మాటల్లో ఇస్తరాకు. అదే ఆకును గిన్నెలా మడిచి కుడితే దొప్ప, దొన్నె. ఇల్లు దాటితే పేరు మారుతుంది. సొలాపూర్‌లో పత్రావళి, ద్రోణ్. బరంపురంలో ఖలి. తమిళనాడులో తైయల్ ఇలై, అంటే కుట్టిన ఆకు. కర్ణాటకలో మోదుగాకుతో కుట్టినదైతే ముత్తుగ ఎలె. మన పిల్లలు చాలామంది ఈ పేర్లతోనే దాన్ని ఎరుగుదురు. అందులో తప్పేమీ లేదు. పేరూ ఆకూ రెండూ తెలియని పిల్లలు పెరుగుతున్నారన్నదే మా దిగులు.

ఈ వ్యాసానికి కారణం మాకు జరిగిన ఒక చిన్న పరాభవం. ఉగాది భోజనాలకు ప్లాస్టిక్ వద్దనుకుని, ఆకు ప్లేట్లని చెప్పి అమ్మిన సరుకు కట్టలకు కట్టలు తెచ్చాం. పైన చక్కటి ఎండుటాకు, కింద అట్ట. భోజనాలయ్యాక వాటిని పెరటి గుంతలో వేసి మట్టి కప్పి, ఎరువవుతుందని సంబరపడ్డాం. నాలుగు నెలల తరవాత గుంత తిరగేస్తే ఆకూ లేదు, అట్టా లేదు. పళ్లెం ఆకారంలో పల్చటి ప్లాస్టిక్ పొరలు మాత్రం ఒకదాని మీద ఒకటి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆకుకీ అట్టకీ మధ్య వేడితో అతికించిన పొర అది. అమ్మిన దుకాణదారుకు తెలుసో లేదో మాకు తెలియదు. మేము మాత్రం అడగలేదు, చించి చూడలేదు.

అడ్డాకు

విస్తరికి పనికొచ్చే ఆకుల్లో దీనికి సాటి లేదు. అడ్డ తీగ తూర్పు కనుమల అడవుల్లో పెద్ద చెట్లను చుట్టుకుని పైకి పాకుతుంది. మానంత లావు తీగలు కూడా ఉంటాయి. ఆకు ఒంటె పాదంలా రెండు చీలికలుగా, అరచేతికన్నా బాగా పెద్దదిగా, కాస్త మందంగా ఉంటుంది. ఎండినా వెంటనే పెళుసెక్కదు. అందుకే కొద్ది ఆకులతోనే నిండు విస్తరి తయారవుతుంది. పుల్లలు తక్కువ, సందులు తక్కువ, పప్పు కారడం తక్కువ. ఒడిశాలో దీన్ని సియాళి అంటారు. పార్వతీపురం, పాడేరు వైపు మన్యం సంతల్లోనూ, సరిహద్దుకు అవతల గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ ఆదివాసీ స్త్రీలు ఆకు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి లేదా కుట్టి అమ్ముతారు. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లకు ఇది ఇంటి పక్క సరుకే.

అడ్డ తీగలో పారేసేదంటూ పెద్దగా ఉండదు. బెరడు నారతో గట్టి తాళ్లు పేనుతారు. మయూర్‌భంజ్ వైపు మంకిడియాలు ఆ తాళ్ల పనికి పేరుపడ్డవాళ్లు. గింజలు కాల్చుకుని తింటారు. అటవీ శాఖ పాత పద్ధతిలో మాత్రం ఈ తీగ శత్రువు. సాల చెట్ల మీదికెక్కి కలపను వంకర చేస్తుందని నరికించేవారు. కలప లెక్కలో కలుపు మొక్క, కొండ ఊళ్లో కొన్ని ఇళ్లకు కూలి. తీగను నరక్కుండా ఆకు మాత్రమే కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసేవాళ్లకు ఇది మనం చెప్పాల్సిన సంగతి కాదు, మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఒడిశాలో ఇంకాస్త ఉత్తరాన అడ్డాకు స్థానంలో సాలాకు వస్తుంది. ఆకు చిన్నది, కాబట్టి కుట్టు ఎక్కువ.

మోదుగ, మర్రి, మరికొన్ని

తెలంగాణ నుంచి సొలాపూర్, భివండీ వెళ్లిన చేనేత కుటుంబాలకు పరిచయమైన విస్తరి మోదుగది. మోదుగాకు ఒక్కో కాడకు మూడేసి వస్తుంది. పలాశానికి ఎక్కడైనా ఆకులు మూడే అని మరాఠీలో సామెత కూడా ఉంది. ఎక్కడికెళ్లినా సంగతి ఒక్కటేనని దాని అర్థం. వేసవిలో ఎర్రగా పూసి, ఆ తరవాత కొత్త ఆకు తొడుగుతుంది. ఆ ఆకు ముదిరాక కోస్తే కుట్టడానికి బాగుంటుంది. లేత ఆకు ఎండితే ముడుచుకుపోతుంది. కార్తీకంలో మోదుగ విస్తరిలో తినడం మంచిదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఉత్తర కర్ణాటకలోనూ మోదుగాకు ఎక్కువే.

మర్రాకు, బాదం ఆకు ఊళ్లోనే దొరుకుతాయి. మర్రాకు చిన్నది, కుట్టడానికి ఓపిక కావాలి. బాదం ఆకు వెడల్పు గానీ ఎండితే త్వరగా చిట్లుతుంది, పచ్చిదే మేలు.

తమిళనాడులో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ మందారై ఇలై అని అమ్మేది మన మందార కాదు. మన మందారను తమిళంలో సెంబరుత్తి అంటారు. మందారై అంటే మనం దేవకాంచనం అనే చెట్టు. దాని ఆకు కూడా రెండు చీలికలది, అడ్డ తీగకు దగ్గరి చుట్టం.

కర్ణాటకలో పోక మట్ట పళ్లేలు వేరే కథ. శివమొగ్గ, దక్షిణ కన్నడ తోటల్లో పోక చెట్టు నుంచి తనంతట రాలే మట్టను నీళ్లలో నానబెట్టి, వేడి అచ్చులో నొక్కుతారు. జిగురు అక్కర్లేదు, కుట్టు లేదు. పులుసు పోసినా నిలుస్తుంది. ఖరీదు మాత్రం కుట్టిన విస్తరి కన్నా ఎక్కువ. బెంగళూరు దొన్నె బిరియానీ ఇప్పుడు చాలాచోట్ల ఈ మట్ట దొన్నెల్లోనే వస్తోంది.

యానాంలో ఈ చర్చే అక్కర్లేదని అక్కడివాళ్లు అనవచ్చు. చుట్టూ గోదావరి డెల్టా, దగ్గర్లో రావులపాలెం అరటి మార్కెట్, అరిటాకుకు కొదవ లేదు. అయినా టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ కింద ఏముందో ఒకసారి చూడండి. చాలాచోట్ల అరిటాకు ముక్క కాదు, ప్లాస్టిక్ కాగితం.

చట్టం ఏమంటోంది

కర్ణాటక 2016 మార్చిలో ప్లాస్టిక్, థర్మోకోల్ పళ్లేలను నిషేధించింది. మహారాష్ట్ర 2018 మార్చి 23న ఉత్తర్వు ఇచ్చింది. ఒడిశా అదే ఏడాది అక్టోబరు 2న బరంపురంతో సహా పెద్ద పట్టణాల్లో మొదలుపెట్టింది. తమిళనాడు నిషేధం 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు పళ్లేలు, గ్లాసులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇది గుర్తుంచుకోదగ్గ తేడా. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమలైన కేంద్ర నిషేధం ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలకు వర్తిస్తుంది. యానాంకూ అదే. నిషేధం వచ్చాక థర్మోకోల్ తగ్గింది. దాని స్థానంలో వెండి రంగు కాగితపు ప్లేటు, అరిటాకు బొమ్మ అచ్చేసిన ప్లేటు, మేము మోసపోయిన ఆకు ప్లేటు వచ్చాయి.

కనిపెట్టడం ఎలా

కొనేముందు ఒక్కటి అడిగి తీసుకుని చించండి. ఉత్త ఆకు, ఉత్త అట్ట అయితే చిరిగినచోట పీచు కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఉంటే చిరిగిన అంచున పల్చటి పొర సాగుతూ వస్తుంది. అనుమానం తీరకపోతే రాత్రంతా నీళ్లలో నానేసి పొద్దున వేళ్లతో నలపండి. అట్ట ముద్దయిపోతుంది, పొర విడిగా చేతికొస్తుంది. మిషను మీద కుట్టిన విస్తర్లలో దారం కూడా చూడాలి. నైలాన్ దారమైతే ఆకు మట్టిలో కలిసినా దారం కలవదు. నూలు దారమా, ఈనెపుల్లా అని అడగండి. కొనేవాళ్లు అడుగుతుంటే అమ్మేవాళ్లు తెప్పిస్తారు.

ఇంట్లో వాడకం

ఎండు విస్తర్లు తెచ్చిన వెంటనే వేస్తే విరుగుతాయి. వడ్డనకు కాసేపు ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి, పైన బరువు పెట్టండి. మెత్తబడి చాపలా పరుచుకుంటాయి. చేత్తో కుట్టిన వాటిలో వందకు పది ఎక్కువే తెచ్చుకోవడం మంచిది, కొన్ని చిరుగుతాయి. సాంబారు, పాయసం దొన్నెలో పోయండి. అన్నానికి మధ్యలో గుంట చేసి చారు పోసుకునే అలవాటున్న వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఫ్యాను. అన్నీ ఉన్న ఆకు అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని ఆకు ఎగిరెగిరి పడుతుంది అనే సామెతను మా పిల్లలకు అర్థం చెప్పలేక అవస్థ పడ్డాం. ఖాళీ విస్తరి గాలికి లేవడం వాళ్లు చూడలేదు మరి. ముందుగా ఓ చెంచాడు కూర వడ్డించాకే ఫ్యాను వేయండి. లేదా పిల్లలున్నప్పుడు ముందే వేసి, సామెతను కళ్లారా చూపించండి.

సెలవుల్లో పిల్లలతో నాలుగు విస్తర్లు కుట్టించడం కష్టమేమీ కాదు. పెద్ద ఆకును నడుమ పెట్టి, చుట్టూ ఆకులు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా పేర్చి, చీపురు ఈనెను చిన్న ముక్కలుగా విరిచి గుచ్చాలి. ఆకుల కాడలు బయటి వైపు రాకుండా చూడాలి. మా ఇళ్లలో ఈ పని చేతికొచ్చినవాళ్లు ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు మాత్రమే. వాళ్లు మాట్లాడుతూ, చేతి వంక చూడకుండా కుట్టేస్తారు. పక్కన కూర్చుని ఫోనులో వీడియో తీసినా చాలు. తరవాత అదే చూసి నేర్చుకోవచ్చు.

కొనదలిస్తే ఒడిశాలో ఓర్మాస్ మేళాల్లో, విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడు వారపు సంతల్లో, సొలాపూర్, బెంగళూరు వంటి నగరాల్లో పూజా సామగ్రి దుకాణాల్లో అడగండి. పెళ్లికైతే నెల ముందే చెప్పుకోవాలి. వానాకాలంలో ఆకు ఎండదు, ఆ రోజుల్లో పాత నిల్వే దిక్కు. బూజు వాసన వస్తే తీసుకోవద్దు.

భోజనాలయ్యాక ఆకులన్నీ మడిచి నల్లటి ప్లాస్టిక్ సంచిలో కుక్కి చెత్తబండికి ఇచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే పడ్డ శ్రమంతా వృథా. పచ్చి అరిటాకులు పశువులున్న ఇంటికి ఇవ్వవచ్చు. ఎండు విస్తర్లను పుల్లలతో సహా ముక్కలు చేసి, ఎండుటాకులు, మట్టి కలిపి గుంతలో వేయండి. ఉత్త ఆకువైతే కొన్ని నెలల్లో ఆనవాలు ఉండదు. మా పాత గుంతలో ఈ ఏడాది అడ్డాకు విస్తర్లు వేశాం. మొన్న తవ్వి చూస్తే కొన్ని ఈనెపుల్లలు మాత్రం దొరికాయి.