గిరీశం చేతి చుట్ట

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగుగా విభజించింది. వేషం, నగ, నటుడి చేతిలోని వస్తువు ఆహార్యం కిందికి వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో ధార్వాడ, పార్సీ సమాజాల ప్రభావంతో తెలుగునాట వేళ్లూనుకొన్న పద్యనాటకానికి, అంటే నటులు హార్మోనియం శ్రుతికి రాగం తీసి పద్యం పాడే నాటకానికి, గద, కిరీటం, విల్లు ఉంటే ఆహార్యం చాలావరకు సమకూరేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, కుటుంబ సభ్యులే నటులుగా ఊరూరా తిరిగిన సురభివారి పౌరాణికాలదీ అదే తీరు. గొంతు కాపాడుకోవలసిన గాయకనటుడికి పొగ ఎలాగూ శత్రువే; ఆ సంగతి అటుంచినా, పురాణపాత్ర చేతికి పొగాకు రావడానికి వీల్లేదు. పోర్చుగీసువారి వెంట ఈ దేశం చేరిన ఆ ఆకు, జహంగీరు 1617లో నిషేధించేనాటికి ఇంకా కొత్త వ్యసనమే.

అందువల్ల చుట్ట తెలుగు రంగస్థలం మీద కుదురుకోవడానికి సాంఘిక నాటకం రావలసి వచ్చింది. గురజాడ అప్పారావు కన్యాశుల్కాన్ని విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 1892లో ప్రదర్శించింది. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ దాదాపు కొత్త రచన అనదగినంతగా తిరగరాసి 1909లో మళ్లీ వెలువరించాడు. అందులో వెంకటేశం, తన గురువు గిరీశం వల్ల అబ్బిన విద్య చుట్ట కాల్చడమొక్కటేనని నిష్ఠూరమాడతాడు. గిరీశం దానికి జంకకపోగా, గరుత్మంతుడు అమృతం తెస్తుండగా ఒలికిన చుక్క పొగచెట్టయి మొలిచిందని చెప్పే చాటువును, అంటే జనం నోట తిరిగే విడిపద్యాన్ని, పురాణ ప్రమాణంగా ముందుకు తోస్తాడు. సముద్రం దాటి వచ్చి ఎంతో కాలం కాని మొక్కకు దేవలోకపు పుట్టుక అంటగట్టిన ఆ పద్యాన్ని ఇంగ్లీషు చదువు వెలగబెట్టిన మనిషి నోట పలికించడంలో గురజాడ వెటకారం రెండు వైపులా కోస్తుంది. ఇక్కడ చుట్ట అలంకారం కాదు. అది లేకపోతే శిష్యుడి నిష్ఠూరానికీ గురువు దబాయింపుకూ ఆధారమే ఉండదు.

ఈ నాటకాన్ని ఇరవయ్యో శతాబ్ది ప్రేక్షకులకు చేరువచేసిన సోదరుల మూలాలు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతానివి. జె.వి. సోమయాజులు 1928లో పుట్టిన లుకలాం అగ్రహారం నరసన్నపేట మండలంలోనిదే. విజయనగరంలో నాటకరంగానికి వచ్చిన ఆయన రామప్పపంతులుగా, తమ్ముడు జె.వి. రమణమూర్తి గిరీశంగా దశాబ్దాలపాటు కన్యాశుల్కాన్ని ఆడారు. పూర్తిగా ఆడితే తెల్లవార్లూ సాగే గ్రంథాన్ని కుదించుకోక తప్పని ప్రదర్శనలో, మాటలు కోసిన చోట కాలాన్ని చెప్పే భారం కండువా మీద, తలపాగా మీద, చుట్ట మీద పడుతుంది.

కాలాన్ని పట్టించే వస్తువుల్లో చుట్ట కన్నా దాన్ని ముట్టించే సాధనం పెద్ద చిక్కు తెస్తుంది. చుట్ట అంటే ఎండిన పొగాకును ఆకులోనే చుట్టిన ముడి సరుకు. ఈనాటి చుట్టకూ ఆనాటి చుట్టకూ ప్రేక్షకుడి కంటికి తేడా కనిపించదు. అగ్గిపెట్టె అలా కాదు. ఆ రోజుల్లో అది విదేశాల నుంచి దిగుమతయ్యే సరుకు, శివకాశి పరిశ్రమ 1920ల్లో గానీ మొదలుకాలేదు. కాబట్టి ఇప్పటి కిరాణా కొట్టు అగ్గిపెట్టెను గిరీశం జేబులోంచి తీస్తే మొదటి వరుసలో కూర్చున్నవారికి 1892 కాస్తా చెదిరిపోతుంది. సిగరెట్టు ఇస్తే అన్యాయం ఇంకా ఎక్కువ. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సేద్యం విస్తరించడం, యంత్రపు సిగరెట్టు సామాన్యుడి జేబుకు చేరడం అన్నీ తర్వాతి కథలు.

పిల్లలు చూసే నాటకంలో బడిపిల్లవాడికి చుట్ట అలవాటు చేసిన గురువును నవ్వులపాలు చేయడం ఒక ఎత్తు, ఆ చుట్టను నిజంగా కాల్చి చూపించడం ఇంకో ఎత్తు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ఆడిటోరియాలను పొగతాగకూడని బహిరంగ స్థలాల్లో చేర్చింది. 2012 అక్టోబరు నుంచి సినిమాకు పొగతాగే దృశ్యంలో తెర అడుగున హెచ్చరిక వేయడం తప్పనిసరి అయింది, కానీ రంగస్థలానికి అలా వేసుకోవడానికి తెర అడుగు లేదు. వెలిగించని చుట్టను వేళ్ల మధ్య తిప్పుతూ, మాటకూ మాటకూ నడుమ నోటికి తీసుకుపోతే సరిపోతుంది. గిరీశం పాత్రకు పొగ కన్నా ఆ తిప్పడమే ముఖ్యమని చెప్పవచ్చు.

నాటకంలో చుట్ట ప్రధానంగా మగవారి చేతిదే అయినా, ఉత్తరాంధ్ర పల్లెల్లో అది ఆడవారిది కూడా. చుట్ట నిప్పు కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చడాన్ని అక్కడివారు అడ్డపొగ అంటారు; గాలికి ఆరదని, పనిచేసే చేతులకు అడ్డం రాదని దాన్ని సమర్థించుకొనేవారు. అంగిలికి అది చేసే హానిని శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన పిండ్‌బోర్గ్ పరిశోధక బృందం 1971లో ప్రకటించింది. ఆనాటి పల్లె స్త్రీని వేదిక మీదికి తేదలచిన దర్శకుడికి మాత్రం ఈ అలవాటు ఒక సౌలభ్యం ఇస్తుంది: అడ్డపొగలో నిప్పు ఎలాగూ కనిపించదు గనుక, నటి పెదవుల మధ్య నుంచి బయటికి చూసే ఆరిన కొస ఒక్కటి చాలు.