పుంగనూరు ఆవు టీవీలో, మన కూర ఎక్కడ?



మన మూడు ఊళ్లు టీవీలో ఎప్పుడు కనబడతాయి? టమాటా ధర ఎగిరినా, పడిపోయినా మదనపల్లె మార్కెట్ యార్డు వస్తుంది. ఆగస్టు 15 వస్తే, 1919లో ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన కథ వస్తుంది. ఎన్నికలొస్తే కుప్పం. పుంగనూరు అంటే పొట్టి ఆవు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టడం దేశమంతా చూసింది.

ఆ ఆవును చూపొద్దని నేననను. అరుదైన జాతి, పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్నారు, కాపాడాల్సిందే. నా ప్రశ్న వేరు. ఆదివారం పూట మన మాల, మాదిగ వాడల్లో పొయ్యి మీద ఉడికే పెద్దకూరను ఏ తెలుగు చానల్ వంటల కార్యక్రమంలోనైనా చూశారా? నేను చూడలేదు. కోడి ఉంది, మేక ఉంది, రొయ్య ఉంది. ఆ కూరలన్నిట్లో మదనపల్లె టమాటా కూడా ఉంది. మనం లేము.

చట్టం అడ్డమా? 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. అదే ఏడు రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. అది ఆవులనూ దూడలనూ కోయొద్దంది. పనికిరాని ఎద్దుకూ దున్నకూ అధికారి ధ్రువపత్రంతో అనుమతి ఉంది. ఇక టీవీకి 1995 కేబుల్ చట్టం కింద ప్రోగ్రామ్ కోడ్ ఉంది. పెద్దకూర వండి చూపొద్దని అందులో ఎక్కడా లేదు. రాసిలేని ఈ నిషేధాన్ని అమలు చేసేది కులమే.

ఎవరేం దాస్తారన్నది సమాజాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1992 నుంచి పెద్దకూర తినమని టీవీ ప్రకటనలే ఇచ్చారు. 2004లో అదే అమెరికాలో ఒక గాయని రొమ్ము క్షణకాలం కనబడిందని సీబీఎస్ చానల్‌కు 5,50,000 డాలర్ల జరిమానా వేశారు. తర్వాత కోర్టు కొట్టేసింది. అంత దూరమెందుకు, మన పక్కనున్న కేరళ చానళ్లలో బీఫ్ వేపుడు మామూలు వంట. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పంలో రిమోట్ నొక్కితే తెలుగు, తమిళం, కన్నడం అన్నీ వస్తాయి. ఎన్ని భాషలు మార్చినా మన వంటిల్లు మాత్రం రాదు.

వచ్చిందెప్పుడు? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ పండగ చేసినప్పుడు. దాడులు, బాష్పవాయువు ఉన్నాయి కాబట్టి వచ్చింది. కూర వార్త కాలేదు, గొడవ వార్తయింది. 2015లో టిస్ విద్యార్థులు తీసిన 'క్యాస్ట్ ఆన్ ది మెనూ కార్డ్' డాక్యుమెంటరీని ఢిల్లీ ఉత్సవంలో వేయడానికి కేంద్ర సమాచార శాఖ అనుమతి ఇవ్వలేదు. అంటే గొడవగా అయితే చూపొచ్చు, తిండిగా అయితే చూపకూడదు.

దీనివల్ల నష్టమేమిటంటారా? హాస్టల్లో మన పిల్ల టిఫిన్ బాక్సు మూత సగమే తీసి తినడం నేర్చుకుంటుంది. టీవీలో లేని తిండి తప్పుడు తిండి అని ఎవరూ చెప్పకుండానే నమ్ముతుంది. తినేవాళ్లను కొట్టేవాడికి ఆ నమ్మకమే బలం.

తినని దళితులూ ఉన్నారు, వాళ్ల ఇష్టం. సిగ్గు మాత్రం ఎవరికీ వద్దు.

ఇప్పుడు కెమెరా మన చేతిలోనూ ఉంది. మీ అవ్వ తునకలు ఎట్లా ఎండబెట్టేదో, ఏం వేసి వండేదో అడగండి. ఆమె ఒప్పుకుంటే వీడియో తీయండి, లేకుంటే రాసిపెట్టండి. అది కూడా మన చరిత్రే.